మసి, ఉప్పు, ఒక బొమ్మ విమానం

దువ్వెనలు చేసే కంపెనీ ఒకటి విమానాల్లోకి దిగిందంటే నమ్ముతారా? ఇంగ్లండులో ఎయిర్‌ఫిక్స్ అని ఒక కంపెనీ. 1939లో నికొలస్ కోవ్ అనే హంగరీ దేశస్థుడు పెట్టాడు. మొదట గాలి ఊదే రబ్బరు బొమ్మలు చేసేవాళ్ళు, యుద్ధం అయ్యాక ప్లాస్టిక్ దువ్వెనలు. 1949లో ఫెర్గూసన్ ట్రాక్టర్ కంపెనీ వాళ్ళు తమ సేల్స్ మనుషులు చేత్తో పట్టుకుని చూపించడానికి ఒక చిన్న ట్రాక్టర్ నమూనా చేసిపెట్టమన్నారు. దాన్ని విడి ముక్కలుగా అమ్మితే పిల్లలు వాళ్ళే అతికించుకుంటారు, మనకి కూలీ మిగులుతుంది అన్న ఆలోచన అలా వచ్చింది. 1952లో ఒక తెరచాప ఓడ, 1953లో స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం వచ్చాయి. ప్లాస్టిక్ సంచీలో ముక్కలు, పైన మడిచిన కాగితం, వూల్‌వర్త్స్ దుకాణంలో రెండు షిల్లింగులు. పిల్లాడి పాకెట్ మనీకి అందే ధర.

మా ఇంట్లో డైనింగ్ టేబుల్ సగం మూడేళ్ళుగా నాది కాదు. మా పెద్దాడి విమానాలది. అన్నం గిన్నె పెట్టాలంటే ముందు రెక్కలు జరపాలి. అందుకే ఈ చరిత్ర అంతా నాకు వంటబట్టింది. బియ్యే తెలుగు చదివినదానికి ఈ సంగతులన్నీ ఎందుకని మా చెల్లెలు నవ్వుతుంది. చదివితే మీకే తెలుస్తుంది, ఇందులో తెలుగు కూడా ఉంది.

ఎయిర్‌ఫిక్స్ కంటే ముందే బొమ్మ విమానాలు ఉన్నాయి లెండి. 1932లో స్కైబర్డ్స్ అని చెక్కవి వచ్చాయి. జేమ్స్ హే స్టీవెన్స్ అనే ఆయన వాటికి ఒకే కొలత పెట్టాడు. అసలు విమానంలో ఆరడుగులు ఉంటే బొమ్మలో ఒక అంగుళం. అంటే 72వ వంతు. ఆరడుగుల మనిషి అంగుళం అవుతాడన్నమాట. ఇప్పటికీ ప్రపంచమంతా ఆ కొలతే వాడుతోంది. 1936లో ఫ్రాగ్ పెంగ్విన్ అన్న పేరుతో మొదటి ప్లాస్టిక్ విమానాలొచ్చాయి. అప్పట్లో అందరి తాపత్రయం ఒకటే, ఆకారం సరిగ్గా ఉందా లేదా. రంగు సంగతి తర్వాత.

యుద్ధకాలంలో అయితే రంగు అసలు వద్దన్నారు. 1942లో అమెరికా నౌకాదళం వాళ్ళు బడిపిల్లల్ని 5 లక్షల చెక్క విమానాలు చేసి ఇమ్మని అడిగారు. 50 రకాలు, ఒక్కో రకం 10 వేలు. అన్నీ ఆ 72వ వంతు కొలతలోనే. అన్నిటికీ ఒకటే రంగు, నలుపు. ఎందుకంటే అవి అలంకారానికి కాదు. సైనికులు ఆకాశంలో నల్లటి ఆకారం చూడగానే మనవాడా శత్రువా చెప్పగలగాలి. 35 అడుగుల దూరంలో ఆ బొమ్మను పెడితే, అసలు విమానం అర మైలు దూరంలో ఎంత కనిపిస్తుందో అంతే కనిపిస్తుంది. కావాలంటే 35ని 72తో గుణించి చూసుకోండి.

అదే ఏడాది ఏప్రిల్ 6న మా విశాఖపట్నం మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచి వచ్చాయి అవి. కాకినాడ మీద కూడా ఆ రోజే వేశాయి. జనం ఊరొదిలి బళ్ళు కట్టుకుని పల్లెలకి పోయిన సంగతి ఇక్కడ పాత కుటుంబాల్లో అందరికీ తెలుసు. మా అత్తగారి తల్లి చెప్పేవారట, మొదట చూసినవాళ్ళు మనవే అనుకుని చేతులూపారని. ఆ నల్ల బొమ్మల ప్రయోజనం ఏమిటో నాకు ఈ ఒక్క మాటతో అర్థమైంది.

ఇక అసలు విషయానికి వస్తాను. బొమ్మ విమానాన్ని కొత్తగా మెరిపించడం ఒక కళ, పాతగా మాసినట్టు చెయ్యడం ఇంకో కళ. ఈ రెండో దాన్ని వాళ్ళు వెదరింగ్ అంటారు. ఎండకి రంగు వెలవడం, అంచుల దగ్గర పెచ్చులూడటం, ఇంజను వెనక మసి, చక్రాల దగ్గర నూనె మరక, ఇవన్నీ పావలా కాసంత జాగాలో చూపించాలి.

యాభైల్లో, అరవైల్లో పిల్లలు అతికించిన విమానాలకి ఈ గొడవ లేదు. పెట్టె మీద బొమ్మలో విమానం తళతళలాడుతుంటే, అలాగే వేసేవాళ్ళు. మాసిన విమానాలు డెబ్భైల్లో మొదలయ్యాయి. షికాగోలో షెపర్డ్ పెయిన్ అనే ఆయన మోనోగ్రామ్ కంపెనీ కిట్ల కోసం చిన్న చిన్న దృశ్యాలు తయారుచేశాడు. ఆయన విమానాన్ని ఒంటరిగా స్టాండు మీద పెట్టలేదు. పొలంలో కూలిన బాంబర్, చుట్టూ మనుషులు, విరిగిన ప్రొపెల్లర్లు. ఆ పక్కనే మెరిసే రంగు వేస్తే నప్పుతుందా చెప్పండి? కథ ఉన్నప్పుడు మరక ఉండాల్సిందే. ఆ దృశ్యాలు ఎలా చేశాడో వివరించే కాగితాలు కిట్టు పెట్టెల్లోనే వచ్చేవి. 1980లో ఆయన దీని మీద పుస్తకమే రాశాడు. అదే కాలంలో బెల్జియంలో ఫ్రాన్స్వా వెర్లిండెన్ అనే ఆయన డ్రై బ్రష్ పద్ధతిని ఇంటింటికీ చేర్చాడు. కుంచెని రంగులో ముంచి, గుడ్డకి తుడిచేసి, ఇంక ఏమీ మిగల్లేదనుకున్నప్పుడు ఉబ్బెత్తు భాగాల మీద అలా అలా రాస్తారు. రివెట్ల నెత్తిన మాత్రమే రంగు అంటుకుంటుంది. మేం ముగ్గు గీతల మీద చివర్లో మిగిలిన పిండి దులిపినట్టు.

దీనికి వ్యతిరేకమైనది వాష్. ఇది గుంటల కోసం. నల్లరంగునో ముదురు గోధుమ రంగునో టీ డికాషన్ అంత పల్చగా కలిపి, రేకుల మధ్య గీతకి కుంచె మొన ఆనిస్తే చాలు, ఆ రంగు తనంతట తనే గీత పొడుగునా పాకిపోతుంది. నేను చూసినంతలో అంత ముచ్చటైన దృశ్యం ఇంకోటి లేదు.

తర్వాత స్పెయిన్ వాళ్ళు రంగంలోకి దిగారు. మిగ్ హిమెనెజ్ అనే ఆయనది అందులో పెద్ద పేరు. నూనె రంగులు చుక్కలు చుక్కలుగా పెట్టి సాగదీయడం, పొడి రంగులు అద్దడం, తుప్పుకి ఒక సీసా, బురదకి ఒక సీసా, మసికి ఒక సీసా. అసలు మురికిని సీసాల్లో పోసి అమ్మొచ్చని కనిపెట్టిన బుర్రకి దణ్ణం పెట్టాలి. నేను రోజూ ఉచితంగా తుడిచి పారేసేది అదే కదా.

పెచ్చులూడటానికి మాత్రం వంటింటి సరుకే కావాలి. ముందు విమానం మొత్తానికి వెండి రంగు వేస్తారు, అల్యూమినియం రేకులాగా. అది ఆరాక అక్కడక్కడా తడిచేసి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు ఎండి అంటుకున్నాక పైన అసలు రంగు స్ప్రే చేస్తారు. అదీ ఆరాక వేలితో రుద్దితే ఉప్పు రాలిపోతుంది, కింద వెండి రంగు తొంగి చూస్తుంది. ఇంకో పద్ధతిలో ఉప్పుకి బదులు హెయిర్ స్ప్రే కొడతారు. దాని మీద నీళ్ళలో కలిసే రంగు వేసి, ఆరాక తడి కుంచెతో రాస్తే కింద హెయిర్ స్ప్రే కరిగి పైరంగు పెచ్చులుగా లేస్తుంది. మా ఇంట్లో కొబ్బరినూనె తప్ప జుట్టుకి ఏదీ రాయం కాబట్టి మావాడు ఉప్పు దగ్గరే ఆగాడు. సాంబారులోకి ఉప్పు డబ్బా కోసం వెతికితే అది విమానం పక్కన దొరుకుతుంది.

ఇక్కడ నాకో లెక్క తట్టింది. సన్నని ఉప్పు రవ్వ సుమారు 0.3 మిల్లీమీటర్లు అనుకోండి. మావాడు చేస్తున్న విమానం 144వ వంతు కొలత. అంటే ఆ ఒక్క రవ్వ రాలినచోట అసలు విమానం మీద 4 సెంటీమీటర్లకి పైన రంగు ఊడినట్టు. గుప్పెడు చల్లితే ఏమిటి గతి? అలాగే ఆ రేకుల మధ్య గీతలు. అసలు విమానంలో సందు ఒక మిల్లీమీటరు ఉందనుకుంటే, 72వ వంతులో అది వెంట్రుక మందంలో ఐదో వంతు. కంటికి ఆనదు. నల్లగా గీసిన ప్రతి గీతా కల్పనే. మేం బియ్యేలో అలంకారాలు చదివేటప్పుడు మాస్టారు స్వభావోక్తికీ అతిశయోక్తికీ తేడా అడిగేవారు. ఉన్నదున్నట్టు చెప్పడం స్వభావోక్తి, ఉన్నదానికి మించి చెప్పడం అతిశయోక్తి. ఈ బొమ్మ విమానాల వాళ్ళ మధ్య నలభై ఏళ్ళుగా నడుస్తున్న తగువు సరిగ్గా ఇదే. తెలుగు ఉందన్నాను కదా!

ఆ తగువు మా ఇంట్లోకి కూడా వచ్చింది.

మా మావయ్యగారు నేవీలో పనిచేశారు. విమానాల ఎయిర్‌ఫ్రేమ్ పని, అంటే ఇంజను కాకుండా రేకులు, రెక్కలు, తలుపులు, ఒంటి సంగతి. 1988లో సోవియట్ దేశం నుంచి టియు-142 విమానాలు గోవాకి వచ్చినప్పుడు ఆయన అక్కడే ఉన్నారు. 1992లో అవి అరక్కోణం మారితే కుటుంబంతో సహా ఆయనా మారారు. మా ఆయన అరవం మాట్లాడటం అలా నేర్చుకున్నదే. విశాఖ బీచ్ రోడ్డులో మ్యూజియంగా నిలబెట్టిన ఆ పెద్ద విమానం మీరు చూసే ఉంటారు. 53 మీటర్ల పొడవు, నాలుగు ఇంజన్లు, ఒక్కో ఇంజనుకి ఎదురెదురుగా తిరిగే రెండేసి ప్రొపెల్లర్లు. 2017 మార్చిలో నేవీ వాటికి వీడ్కోలు చెప్పింది. ఆ ఏడాది చివరికి ఒకటి మా బీచ్‌కి చేరింది. మావయ్యగారు దాన్ని చూడ్డానికి వెళ్ళిన రోజు టికెట్ కొనుక్కుని లైన్లో నిలబడ్డారు. నేను ఇక్కడ పనిచేశానని ఎవరికీ చెప్పలేదు.

ఆయన డెబ్భై ఐదో పుట్టినరోజుకి ఇద్దామని మావాడు అదే విమానం కిట్ తెప్పించాడు. 144వ వంతులో కూడా 37 సెంటీమీటర్లు వస్తుంది. రెండు నెలలు దాని మీదే పడ్డాడు. అతికించాడు, సందులు పూడ్చి రుద్దాడు, లేత బూడిదరంగు వేశాడు. ఆ తర్వాత మసి, తుప్పు, పెచ్చులు మొదలుపెట్టాడు. పుట్టినరోజుకి ఇంకా పది రోజులుండగా మావయ్యగారు మంచినీళ్ళకని వచ్చి చూసేశారు.

కళ్ళజోడు సర్దుకుని కాసేపు చూశారు. "ఏరా, ఎవరిదిరా ఈ విమానం?" అన్నారు.

"మీదే తాతయ్యా. టియు."

"మాది ఇలా ఉండదు. ఇలా వదిలేస్తే చీఫ్ మా తోలు ఒలిచేవాడు."

"అందరూ ఇలాగే వేస్తారు తాతయ్యా. సముద్రం మీద తిరిగిన విమానంలా కనపడాలి కదా."

"సముద్రం మీద తిరిగింది కాబట్టే కడిగేవాళ్ళంరా. ఉప్పు ఒక్క పూట ఆగదు. రెక్క మీద ఎర్ర తుప్పు పెట్టావేమిటి? అదేమన్నా మన గేటా? అల్యూమినియం. దానికి పట్టేది తెల్ల బూడిద." అని గ్లాసు అక్కడే పెట్టేసి వెళ్ళిపోయారు. ఆ తర్వాత నాలుగు రోజులు ఆయన భోజనం తన గదిలోకే తెమ్మన్నారు. టేబుల్ వైపు రాలేదు. వీడేమో విమానం మీద గుడ్డ కప్పేశాడు.

నేను ఇద్దరి వైపూ ఆలోచించాను. మావయ్యగారి మాట పట్టుకుని చూస్తే చరిత్రలో చాలా చోట్ల ఆయనదే నిజం. రెండో ప్రపంచయుద్ధంలో స్పిట్‌ఫైర్‌కి రంగు రుద్ది నునుపు చేసి పాలిష్ పెట్టేవాళ్ళు. ఎందుకంటే ఒళ్ళు నున్నగా ఉంటే కొన్ని మైళ్ళ వేగం ఎక్కువొస్తుంది, ఆ కొన్ని మైళ్ళే ప్రాణం. పైగా అప్పట్లో చాలా యుద్ధవిమానాలు కొద్ది నెలలు కూడా బతకలేదు. వెలిసిపోవడానికి రంగుకి టైమేదీ? ఎర్ర తుప్పు సంగతి కూడా అంతే. ఈ మాసే పద్ధతులు చాలావరకు ట్యాంకులు చేసేవాళ్ళ దగ్గర పుట్టి విమానాల వాళ్ళకి వచ్చాయి. ట్యాంకు ఉక్కుది, తుప్పు పడుతుంది. ఇంకొకరి జాకెట్టు కొలతకి మనం కుట్టించుకున్నట్టు, ఆ తుప్పు రంగు విమానానికీ అంటింది.

అలాగని మావాడిదీ పూర్తిగా తప్పు కాదు. స్పిట్‌ఫైర్ ఎక్కే తలుపు ఎడమ పక్క ఉంటుంది. పైలట్లు, మెకానిక్‌లు అటునుంచే ఎక్కుతారు. అందుకని ఎడమ రెక్క మొదట్లో రంగు బూట్ల కింద అరిగి రేకు బయటపడేది. పసిఫిక్ దీవుల్లో కోర్సెయిర్ విమానాలు పగడపు మట్టి రన్‌వేల మీద తిరిగి, ఆ ఎండకి నీలం రంగంతా వెలిసి, పాత స్కూల్ యూనిఫాంలా అయ్యాయి. పైలట్ ముందు పెట్రోలు ట్యాంకు కారుతుంటే రేకుల అతుకుల మీద తెల్ల టేపు అంటించుకుని ఎగిరేవాళ్ళు. యుద్ధం చివర్లో జపాన్ సైన్యం విమానాలకి చాలావాటికి ప్రైమర్ లేకుండా రేకు మీదే నేరుగా రంగు కొట్టారు, అది తట్లు తట్లుగా ఊడిపోయేది. అదే జపాన్ నౌకాదళం జీరో విమానాలకి మొదట్లో రంగు గట్టిగా ఉండేది. ఒకే దేశం, రెండు మూడేళ్ళ తేడా. రంగు పెచ్చుని చూస్తే ఆ దేశానికి సరుకు నిండుకుందని తెలిసిపోతుంది.

ఇంజను మసిలో కూడా ఇంత కథ ఉందని నేననుకోలేదు. మసి అంటే నల్లగా ఉంటుందనుకుంటాం. మా అమ్మమ్మ ఆముదం దీపం మీద పళ్ళెం బోర్లించి కాటుక పట్టేది, అది నలుపు. కానీ ఆనాటి విమానాల పెట్రోల్లో సీసం కలిపేవాళ్ళు. ఆ సీసం ఇంజన్లో పేరుకోకుండా ఇంకో మందు కలిపితే అది బ్రోమైడుగా మారి పొగతో బయటికి పోయేది. అందుకే దూరాలు తిరిగొచ్చిన విమానాల పొగగొట్టాల వెనక మరక తెల్లబూడిద రంగులో ఉంటుంది. పెట్రోలు ఎక్కువ తాగి ఎగిరితే నలుపు. మసి రంగు చూసి పైలట్ ఎలా నడిపాడో చెప్పొచ్చన్నమాట. మా వీధిలో పొయ్యి మసి చూసి కోడలి పనితనం చెప్పే పిన్నిగారొకరు ఉండేవారు, ఆవిడ గుర్తొచ్చారు.

ఐదో రోజు పొద్దున్న కాఫీ ఇస్తూ మావయ్యగారిని అడిగాను. "మావయ్యగారూ, మీరు అంత కడిగినా ఎక్కడో అక్కడ పాడయ్యేది కదా. మొదట ఏది పాడయ్యేదండీ?"

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. కప్పు సగం అయ్యాక మొదలుపెట్టారు. రోజూ తీసి పెట్టే మూతల స్క్రూల చుట్టూ ముందు రంగు పోతుందన్నారు. రెక్కల ముందంచు వానకీ ఇసుకకీ అరుగుతుంది. ఇంజన్ల వెనక మసి ఎంత తుడిచినా నీడలా మిగులుతుంది. చక్రాల గూటి దగ్గర హైడ్రాలిక్ నూనె కారి గాలికి వెనక్కి సాగుతుంది. ఆ తర్వాత ఆయన చెప్పింది ఏ పుస్తకంలోనూ నాకు కనపడలేదు. తెల్ల బూడిద పట్టినచోట గీకి, శుభ్రం చేసి, ప్రైమర్ కొట్టి, కొత్త రంగు వేస్తారట. ఆ ముక్క చుట్టూ ఉన్న వెలిసిన రంగు కంటే ముదురుగా, అతుకేసిన చీరలా కనిపిస్తుందట. "బయటివాళ్ళకి అది మచ్చ. మాకు అది సంతకం. ఫలానా ముక్క ఎవరు వేశారో దూరం నుంచి చెప్పేవాళ్ళం."

తలుపు దగ్గర మావాడు నిలబడి వింటున్నాడు. ఏమీ మాట్లాడకుండా లోపలికెళ్ళి కాగితం తెచ్చి, విమానం పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో గీసి, ఆయన ముందు పెట్టాడు. "తాతయ్యా, మీరు వేసిన ముక్కలు ఎక్కడెక్కడ?"

ఆయన పెన్సిల్ తీసుకున్నారు. కుడి రెక్క మీద ఒకటి, తోక కింద రెండు, పొట్ట దగ్గర ఒక పొడుగాటిది. ఒకచోట గీసి, ఆగి, చెరిపేసి, "ఇది నాది కాదు. గోపీ గాడిది" అన్నారు. ఆయన నోట ఆ పేరు నేను పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో వినలేదు. ఎవరని అడగబోతే మా అత్తగారు కళ్ళతోనే వద్దన్నారు. తర్వాత వంటింట్లో చెప్పారు, ఆ అబ్బాయి రిటైరవకుండానే జబ్బుచేసి పోయాడని, ఇద్దరూ గోవాలో ఒకే గదిలో ఉండేవారని.

అదృష్టం కొద్దీ మావాడు మురికి వేసేముందు రంగు మీద వార్నిష్ పొర కొట్టి ఉంచాడు. ఆ పొర ఉంటే పైన వేసిన ఎనామెల్ వాష్‌ని వైట్ స్పిరిట్‌తో తుడిచేయొచ్చు, కింద రంగుకి ఏమీ కాదు. తుప్పంతా ఒక మధ్యాహ్నంలో పోయింది. ఉప్పుతో పెట్టిన పెచ్చుల్లో ముప్పావు వంతు మళ్ళీ బూడిదరంగుతో పూడ్చాడు. అలా పూడ్చినచోట రంగు సరిగ్గా కలవక కొంచెం ముదురుగా వచ్చింది. దాన్ని సరిచేయబోతే మావయ్యగారు చెయ్యి అడ్డం పెట్టారు.

పుట్టినరోజు దాటి వారం అయింది, విమానం ఇంకా టేబుల్ మీదే ఉంది. తాతా మనవడూ ఇప్పుడు ఇంజన్ల దగ్గర ఆగారు. నాలుగింటి వెనకా మసి ఒకేలా ఉండకూడదని ఆయన వాదన. వీడు రంగు చాక్‌పీస్ అరగదీసి ఆ పొడి మెత్తటి కుంచెతో అద్దుతుంటే, ఆయన పక్కన కూర్చుని "ఇంకా తక్కువ, ఇంకా తక్కువ" అంటున్నారు. మేం సోఫాలో కూర్చుని తింటున్నాం.